డాక్టర్ మార్తాండ తలనీలాలు

మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే పంటు వశిష్ఠ గోదావరి నడిమికి వచ్చేసరికి గాలి తిరిగింది. నా ముందు నిలబడ్డ మనిషి తలకు గట్టిగా చుట్టుకున్న తువ్వాలు ఊడి, రెండు మోటారు సైకిళ్ళ మీదుగా ఎగిరి, అరటి గెలలు వేసుకొచ్చిన ఆటో అద్దానికి అతుక్కుపోయింది. తువ్వాలు కింద నుంచి బయటపడింది జుట్టేనని నమ్మడానికి నాకు కాస్త వ్యవధి పట్టింది. భుజాలు దాటి దిగిన జుట్టు. చెవుల పక్కన గాలికి రెండు కొబ్బరి మట్టల్లా లేచి నిలబడ్డ జుట్టు. ఉప్పునీటికి సగం రాగిరంగు తిరిగి, మిగతా సగం నెరిసి, దువ్వెన మొహం ఎరగని జుట్టు.

తిరగడం నాకున్న జబ్బు. ఆ జబ్బు పుణ్యమా అని జుట్లు చాలా చూశాను. జడలు కట్టిన బైరాగులను చూశాను. కోర్టు కేసు గెలిచేదాకా గడ్డం తీయనని పంతం పట్టి, కేసుతో పాటే ముసలివాడైపోయిన ఒక తణుకు ఆసామిని చూశాను. ఈ జుట్టు ఆ కోవకు చెందినది కాదు. ఇందులో భక్తి కనపడలేదు, విరక్తీ కనపడలేదు. ఎవరో పెంచమంటే ఉద్యోగంలా పెంచుతున్నట్టుంది.

ఆటోవాడు తువ్వాలు తీసి చేతికిచ్చాడు. "డాక్టరుగారూ, జాగ్రత్తండి. ఈ గాలికి లోపలున్నది కూడా ఎగిరిపోగలదు."

పంటు మీద నలుగురూ నవ్వారు. ఆ మనిషి నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. తువ్వాలు చుట్టుకుంటూ నా సంచిలోంచి తొంగిచూస్తున్న పుస్తకాల వైపు చూశాడు.

"మీరు పుస్తకాలు చదువుతారాండి?"

"చదువుతానండి. వేరే పనేం లేదు."

"అయితే ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఒక హత్య జరిగిందండి. అది నేను చేశానో, లేపోతే నన్నే ఎవరన్నా చంపేశారో తెలీట్లేదు. మీలాంటోళ్ళు ఏమన్నా చెప్పగలరాండి?"

నేను పంటు కమ్మీ పట్టుకున్నాను. నది మధ్యలో దిగిపోయే వీలు లేదు.

ఆయన పేరు పెదబాబు. ఊరు నరసాపురానికి దిగువన, సముద్రం ఒడ్డున. చేపల వేట చేసే ఇల్లు. తండ్రి పోయేనాటికి తమ్ముడు త్రిమూర్తులు ఇంకా లాగు వేసుకునే వయసులో ఉన్నాడట. తండ్రి వదిలివెళ్ళిన పడవ మీదే తమ్ముణ్ణి పెంచాడు, తాను రత్తమ్మను పెళ్ళి చేసుకున్నాడు, తమ్ముడికి ఆశాజ్యోతిని తెచ్చి చేశాడు. పడవలో వల వేసేటప్పుడు తప్ప పెద్దగా మాట్లాడని మనిషని, ఒడ్డు మీద కూర్చోబెడితే కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఇబ్బంది పడతాడని అతనితో అరగంట ఉన్నా తెలిసిపోతుంది.

ఒక ఏడు పెదబాబు జ్వరంతో పడుకుంటే త్రిమూర్తులు వేరే వాళ్ళను వెంటబెట్టుకుని వేటకు వెళ్ళాడు. సముద్రం మీద ఇంజను ఆగిపోయింది. వాయుగుండం. రావలసిన నాటికి పడవ రాలేదు. పెదబాబు దుప్పటి కప్పుకుని ఒడ్డుకొచ్చి, అంతర్వేది దిక్కుకు తిరిగి, తమ్ముడు ఒడ్డెక్కితే నా తలనీలాలు నీకిస్తాను స్వామీ అని నరసింహస్వామికి మొక్కాడు. ఎవరిదో పెద్ద బోటు తాడు కట్టి త్రిమూర్తుల్ని లాక్కొచ్చింది. మొక్కుకున్న తలకు కత్తెర తగలకూడదు. మాఘమాసంలో కల్యాణానికి వెళ్ళి ఇచ్చేద్దామని పెదబాబు జుట్టు వదిలేశాడు.

"ఇదే పంటండి," అన్నాడు. "ఇదిగో, ఈ గొలుసు పక్కనే నిలబడ్డాను. స్వామి దగ్గరికే ఎల్తున్నాను. కెమెరా పట్టుకుని ఒక బాబు ఎక్కాడండి. యుగంధర్ అని, రాజమండ్రి బాబు. నన్ను చూసి, దొరికాడ్రా మన సైంటిస్టు అన్నాడు."

యుగంధర్ దగ్గర ఒక కథ ఉంది. ఐసు ఫ్యాక్టరీలో ఇద్దరు పిచ్చి సైంటిస్టులు కలిసి మనిషికి నకలు తీసే యంత్రం తయారు చేస్తారు. ఒక ఆడమనిషి శవమై తేలుతుంది. ఒక డిటెక్టివ్ వస్తాడు. యంత్రాన్ని రొయ్యల చెరువులో తిరిగే చక్రాలతోనూ, పాత ఫ్రిజ్ తలుపులతోనూ కట్టారు. డబ్బున్న నటులు దొరకరు కనుక రేవులో కనపడ్డ వాళ్ళనే పెట్టుకున్నాడు. రెండో సైంటిస్టు వేషం ఐసు ఫ్యాక్టరీలో మెషిను నడిపే సామ్యేలుకిచ్చాడు. ఎందుకంటే అక్కడి స్విచ్చులు ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు సామ్యేలు. మొదటివాడైన డాక్టర్ మార్తాండ వేషం పెదబాబుది, ముఖ్యంగా పెదబాబు జుట్టుది.

"నీ పని అయ్యేదాకా జుట్టు ముట్టుకోనని మాటివ్వు అన్నా అన్నాడండి. ఇచ్చేశాను. సినిమా అంటే నెల్లాళ్ళ పని అనుకున్నాను. స్వామికి ఇంకా పెరిగిన జుట్టు ఇద్దాంలే, ఆయనకి మాత్రం చేదా అనుకున్నాను. ఎనక్కొచ్చేశానండి."

"సరే, ఇచ్చారు. ఇప్పుడు తీసేయించుకోండి. సినిమా వాళ్ళు నాతోనూ చాలా మాటలు చెప్పారు, నేనూ వాళ్ళతో చాలా చెప్పాను."

పెదబాబు నా వైపు జాలిగా చూశాడు. "నీళ్ళ మీద ఇచ్చానండి. ఒడ్డు మీద వంద అంటాం, అది వేరు. మా ఇంట్లో నీళ్ళ మీద అన్నది అన్నట్టే. దాన్ని తీసుకున్నోడే వదిలెయ్యాలి. అదన్నా మనం నీళ్ళలో ఉండి వినాలండి. మా నాన్న పద్ధతి అది."

ఐసు ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు, బీచి మీద కొన్నాళ్ళు తీసి, మిగతాది వచ్చే షెడ్యూల్లో తీద్దాం, జుట్టు జాగ్రత్త అని చెప్పి యుగంధర్ వెళ్ళిపోయాడు. మొదట్లో ఫోను చేస్తే వచ్చే నెలలో అనేవాడు. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. రెండు కల్యాణాలు దాటిపోయాయి. రెండుసార్లూ పెదబాబు అంతర్వేదిలో కేశఖండన శాల గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మొక్కు తీరనిదే నా మొగుణ్ణి నీళ్ళలోకి పంపనని ఆశాజ్యోతి త్రిమూర్తుల్ని ఒడ్డు మీదే ఆపేసింది. త్రిమూర్తులు రొయ్యల చెరువు మీద కాపలా పనిలో చేరాడు. ఆ వాయుగుండం తర్వాత అన్నదమ్ములిద్దరూ లేకుండా ఆ పడవ కదలడం లేదు. ఇసకలో బోర్లా పడుకుని ఉంది. ఇంజను తుప్పు పడుతోంది.

"రేపు పడవ చూసుకోడానికి బేరగాళ్ళొస్తున్నారండి," అన్నాడు పెదబాబు. "మా నాన్న పడవ. ఇయ్యాల మొక్కు తీరితే మావోడు అమ్మడు. తీరకపోతే అమ్మేసి చెరువు మీదే ఉండిపోతాడంట. అందుకని అడుగుతున్నాను. డాక్టర్ మార్తాండ ఐసు తొట్టిలో పడతాడండి. ఆ పడ్డం పడ్డం పోయాడంటే ఇంక నా పని అయిపోయినట్టే, గుండు చేయించుకోవచ్చు. పోలేదు, హంతకుడు వాడే అయితే, ఆఖర్న పట్టుకునే సీను ఉంటది కదండి. దానికి జుట్టు కావాలి. మీరు చదివినాట్లో ఎలా ఉంటదండి?"

నాకు జవాబు తెలిసి ఉండాలి. కాలేజీ రోజుల్లో అద్దెకు తెచ్చుకుని నేను చదివిన డిటెక్టివ్ నవలలు పేర్చితే ఈ పంటు మునుగుతుంది. కానీ ఆ అద్దె పుస్తకాలకు చివరి కాగితాలు ఉండేవి కావు. ఎవరో ఒకరు చింపేసేవారు. వందల హత్యలు చదివాను కానీ సగం హంతకులు ఇప్పటికీ నాకు దొరకలేదు. ఒక లాయరు మీద, ఒక వంటమనిషి మీద ఈ వయసులో కూడా అనుమానం పోలేదు. ఆ సంగతే చెప్పబోతుంటే వెనక నుంచి ఎవరో అందుకున్నారు.

"ఆయన్నెందుకురా విసిగిస్తావు, సచ్చినదాన్ని నేనుండగా?"

ఎండుచేపల గంప మీద మోచేయి ఆనించి కూర్చున్న పెద్దావిడ. పేరు చిట్టెమ్మ. నరసాపురం బజారులో ఎండుచేపలు అమ్ముతుంది, అంతర్వేది పల్లిపాలెం వెళ్ళి సరుకు తెచ్చుకుంటుంది. యుగంధర్ సినిమాలో ఆవిడ శవం.

"ఐసు దిమ్మ మీద పడుకోబెట్టారండి నన్ను," అంది నాతో. "సంధ్యవేళ. ఆ వేళప్పుడు తథాస్తు దేవతలు తిరుగుతారు కదండి. శవంలా పడుకుంటే, తథాస్తు అనేస్తే? అందుకని కాలి బొటనవేలు కదుపుతానే ఉన్నాను. నేను బతికే ఉన్నానండోయ్ అని ఆళ్ళకి తెలియాలి గదా. ఆ యుగంధర్ బాబు ఒకటే గోల, పిన్నీ వేలు, పిన్నీ వేలు అని. ఏలు పోతే మనిషే పోద్ది, నేను ఆపనన్నాను."

"మిమ్మల్ని చంపిందెవరో చెప్పలేదా?" అన్నాను.

"అడిగానండి. సచ్చినోళ్ళకి తెలియకూడదు పిన్నీ, తెలిస్తే మొకంలో కనపడిపోద్ది అన్నాడు."

"మరి ఈయన్ని అడక్కుండా నన్ను అడుగు అంటావేంటక్కా?" అన్నాడు పెదబాబు. "నీకూ తెలీదుగా."

"తెలీకపోతే మానె. నీ చావు మాత్రం చూశాను. సుబ్బరంగా సచ్చావు. ఎల్లి గుండు చేయించుకో."

పెదబాబు కళ్ళు మూసుకుని పెదాల మధ్య ఏదో అనుకున్నాడు. ఎవరైనా నువ్వు చచ్చావు అన్నప్పుడల్లా స్వామి పేరు అనుకోవాలని రత్తమ్మ కట్టడి చేసిందట.

సఖినేటిపల్లి రేవులో దిగేసరికి ఒక పొడుగాటి మనిషి గొడుగు మూసి పట్టుకుని మా కోసమే అన్నట్టు నిలబడి ఉన్నాడు. గొడుగును పట్టుకున్న తీరు చూస్తే అది ఎండకూ వానకూ కాదని తెలుస్తుంది. సూర్యప్రకాశం గారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. కోనసీమలోనే పుట్టి, చదివి, చెప్పి, అక్కడే ఉండిపోయిన మనిషి. సినిమాలో డిటెక్టివ్ ఆయనే. గొడుగు ఆ వేషంలోదే. యుగంధర్ తిరిగి అడగలేదు, ఈయన తిరిగి ఇవ్వలేదు.

"పెదబాబూ, గుండుకే కదా బయల్దేరావు? రత్తమ్మ ఫోను చేసి చెప్పింది. వీల్లేదు," అన్నారు.

"మేష్టారండి, రేపు పడవ..."

"పడవ సంగతి నాకు తెలుసయ్యా. కానీ నువ్వు హంతకుడివి. నువ్వు గుండుతో ఉంటే నేను నిన్నెలా పట్టుకోను? ప్రేక్షకుడు నమ్ముతాడా?" ఆయన నా వైపు తిరిగారు. "చూడండి, మీరెవరో చదువుకున్న వాళ్ళలా ఉన్నారు. ముప్పై ఏళ్ళు ప్రాక్టికల్స్ చేయించాను. ప్రతి ప్రయోగానికీ ఫలితం ముందే తెలుసు. పిల్లలకు తెలియనట్టు నటించేవాణ్ణి. జీవితంలో మొదటిసారి, ఎవరికీ తెలియంది కనిపెట్టే పని నాకిచ్చారు. అది మధ్యలో ఆగిపోయింది."

నవ్వాలో పరామర్శించాలో నాకు తెలియలేదు. ఆయన ముఖం చూస్తే నవ్వు రాలేదు.

నలుగురం ఒక ఆటో ఎక్కాం. నాకు అంతర్వేదిలో పనేం లేదు. ఏ పనీ లేని చోటికి వెళ్ళడమే నా పద్ధతి కనుక అభ్యంతరం కూడా లేదు. గంప నా కాళ్ళ మధ్య పెట్టారు. ఎండు నెత్తళ్ళ వాసనలో, కొబ్బరితోటలు రెండు పక్కలా వెనక్కి పరుగెడుతుండగా, ఆ హత్య విచారణ సాగింది.

"మొదట తొట్టి సీను," అన్నారు సూర్యప్రకాశం గారు. "మార్తాండ తొట్టిలో పడ్డాడు. తర్వాత బీచి సీను. మార్తాండ సముద్రం చూసి పకపకా నవ్వాడు. కాబట్టి చావలేదు."

"బీచి ముందు తీశారండి," అన్నాడు పెదబాబు.

"తీయడం వేరు, జరగడం వేరు. సినిమాలో ముందుది వెనక, వెనకది ముందు తీస్తారు. దానికి ఆధారం చూడాలి. తొట్టి సీనులో నీ తెల్లకోటు జేబు కాలి చిల్లు పడింది. బీచి సీనులో చిల్లు లేదు. అంటే బీచి ముందు జరిగింది."

"అయితే పోయినట్టేనాండి?" పెదబాబు ముందుకు వంగాడు.

"ఆగు. చిల్లు ఉన్న కోటు నకలు వేసుకుని ఉండచ్చు."

"ఆ కోటు నేనే కుట్టానండి మేష్టారూ," అంది చిట్టెమ్మ. "కంపు కొడతందని ఉతికి, జేబుకి మాసిక ఏసి ఇచ్చాను. ఎప్పుడు కుట్టానంటే నాకు గురుతు లేదు."

సూర్యప్రకాశం గారు గొడుగు గుబ్బ మీద గడ్డం ఆనించారు. దారిలో ఒక గేదె అడ్డం వచ్చి ఆటో ఆగింది. గేదె వెళ్ళిపోయింది.

"పోనీ, శవం సంగతి. చిట్టెమ్మా, నీ బొటనవేలు కదిలింది. కెమెరాలో పడింది. అంటే నువ్వు చావలేదు. నిన్ను చంపినట్టు నటించి, నీ నకలును..."

"అది దేవతల కోసం కదిపానండి."

"నువ్వు దేనికి కదిపినా కదిలింది కదా. అది సాక్ష్యం."

"అయితే నన్ను ఎవరూ చంపలేదంటారు?"

"లేదంటాను."

"మరి హంతకుడు ఎందుకండి?"

డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"నాదొక మాటండి," అన్నాడు పెదబాబు. "తొట్టిలో పడింది నకలు అనుకుందాం. మరి అసలోడు ఎక్కడున్నాడండి?"

"అదే కదా నేను కనిపెట్టాల్సింది."

"వాడు కనపడేదాకా నేను జుట్టు పెంచాలా?"

"అంతే కదా మరి."

ఇలాంటి యంత్రాల గురించి నేను చాలా కథలు చదివాను. మనిషిని అద్దంలోంచి తీసేవి, గాజుసీసాలో పెంచేవి, మెరుపు పట్టి లేపేవి. పిచ్చి శాస్త్రవేత్తలందరికీ జుట్టు అలాగే ఎందుకుంటుందో ఏ కథలోనూ చెప్పలేదు. వాళ్ళూ ఎవరికో మాటిచ్చి ఉంటారని ఆ ఆటోలో మొదటిసారి అనిపించింది. నలుగురం ఉన్నామా, నకళ్ళతో కలిపి ఎనిమిది మందిమా అన్నది కూడా ఒక దశలో నాకు అనుమానం వచ్చింది.

"మీరు చెప్పండి బాబూ," అన్నాడు పెదబాబు నాతో. "ఇలాంటి కథల్లో ఐసు తొట్టిలో పడ్డోడు పోతాడా, పోడా?"

అబద్ధం చెప్పి ఉండచ్చు. కానీ పుస్తకాల విషయంలో అబద్ధం నాకు చేతకాదు. "శవం కళ్ళారా చూపించకపోతే తిరిగొస్తాడండి. చూపించినా సగంమంది తిరిగొస్తారు."

పెదబాబు తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. చిట్టెమ్మ నా వైపు చూసిన చూపులో, చదువుకున్నవాడివి నోరు మూసుకోలేకపోయావా అని ఉంది. సూర్యప్రకాశం గారు మాత్రం సంతోషించి, తాను విసురుకుంటున్న కండువాతో నాకు కూడా కాస్త విసిరారు.

అంతర్వేదిలో దిగాక పెదబాబు తిన్నగా కేశఖండన శాల వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. లోపల నుంచి నీళ్ళు చల్లిన చప్పుడు, కత్తి గీసే చప్పుడు వినపడుతున్నాయి. పసిపిల్ల ఒకతె ఏడుస్తోంది. ఒక క్షౌరవృత్తి ఆయన బయటకొచ్చి, ఆ జుట్టు చూసి, రెండు కత్తులు పట్టేలా ఉందే అన్నాడు. గుర్తుపట్టాడు కూడా.

"నేను దొరబాబునండి. పోయినేడు కూడా వచ్చి నిలబడి ఎల్లిపోయారు. ఈసారన్నా కూర్చుంటారా?"

పెదబాబు అడుగు ముందుకు వేశాడు, వెనక్కి తీశాడు. మొక్కు ముందరిది. మాట తర్వాతది. ముందరిది దేవుడిది, తర్వాతది నీళ్ళ మీదది. సముద్రం మీద బతికేవాడికి ఏది పెద్దదో నాబోటి ఒడ్డువాడు తేల్చలేడు. చాలా ధర్మసూక్ష్మాలు చదివాను. ఒక్కటీ ఆ వేళకు గుర్తు రాలేదు, వచ్చినవి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

"ఆ కుర్రవాడి నంబరు ఇవ్వండి," అన్నాను. "నా ఫోన్లోంచి చేద్దాం. తెలియని నంబరు కదా, ఎత్తుతాడేమో."

"వద్దు," అన్నారు సూర్యప్రకాశం గారు వెంటనే. తర్వాత గొంతు తగ్గించారు. "నా దగ్గరా ఉంది నంబరు. నేను చేయడం ఎందుకు మానేశానంటారు? అడిగితే సినిమా ఆగిపోయిందంటాడు. అడగనంత కాలం జరుగుతున్నట్టే కదా."

పెదబాబు ఆయన వైపు చూశాడు. మేష్టారి గొడుగు వైపు కూడా చూశాడు. ఆయన కోసం ఇంకో ఏడు ఆగుదామా అన్నట్టు ఒక్క క్షణం ఊగాడనే నా అనుమానం. అంతలో అతని జేబులో ఫోను మోగింది. తమ్ముడు. "ఇంకా లేదురా... గుమ్మం దగ్గరే ఉన్నాను... వాళ్ళని పొద్దుట రమ్మన్నావు కదా, ఇంకా టైముంది," అని పెట్టేశాడు. నా వైపు చెయ్యి చాపాడు. "ఇవ్వండి బాబూ."

గోదావరి అక్కడికి దగ్గరే. పెదబాబు పంచె ఎగగట్టి రేవు మెట్లు దిగి, మోకాళ్ళ లోతుకు వెళ్ళి నిలబడ్డాడు. నాది పాత బటన్ల ఫోను. స్పీకరు పెడితే ఊరంతా వినపడుతుంది, పెట్టే ఇచ్చాను. మేం ముగ్గురం మెట్ల మీద నిలబడ్డాం. స్నానాలు చేస్తున్న వాళ్ళు, తువ్వాలు విప్పిన ఆ తలను, చేతిలో ఎత్తిపట్టుకున్న ఫోనును చూసి కాస్త పక్కకు జరిగారు.

రెండో రింగుకే ఎత్తాడు. "చెప్పండి, యుగంధర్ వెడ్డింగ్ ఫిల్మ్స్. ముహూర్తం ఎప్పుడండీ?"

"బాబూ, నేను పెదబాబునండి. డాక్టర్ మార్తాండ."

అటు వైపు బజంత్రీల చప్పుడు వినపడింది. అది తగ్గింది. బయటకొచ్చినట్టున్నాడు. "అన్నా. సారీ అన్నా. నిజంగా సారీ. ప్రొడ్యూసరు మధ్యలో మానేశాడు. ఎడిటింగ్ నేనే చేసుకుంటున్నాను, పెళ్ళిళ్ళ మధ్యలో. వదల్లేదన్నా. నమ్ము."

సూర్యప్రకాశం గారు రెండు మెట్లు కిందికి దిగారు.

"అది కాదు బాబూ. హంతకుడు నేనా కాదా?"

"అదే అన్నా ప్రాబ్లం. నాకే క్లారిటీ లేదు. క్లైమాక్స్ రాయలేదు. ముందు నువ్వే అనుకున్నా. తర్వాత నీ నకలు అనుకున్నా. పిన్ని బొటనవేలు చూశాక అసలు హత్యే జరగలేదేమో అనిపించింది. అంతా కలిసిపోయింది. నువ్వే చెప్పు అన్నా. నువ్వు హంతకుడిగా ఉంటే బాగుంటుందా, తొట్టిలోనే పోతే బాగుంటుందా? నువ్వు ఏదంటే అది."

ఇంతకాలం ఎవరైనా చెబుతారని తిరిగిన మనిషిని, నువ్వే చెప్పమన్నారు. పెదబాబు నీళ్ళలోకి చూశాడు. నీళ్ళలో నిలబడి తన చావు తానే ఒప్పుకోవడం వేట మనిషికి చిన్న సంగతి కాదు. చిట్టెమ్మ మెట్ల మీద నుంచి, "కాలి ఏలు కదుపుతా చెప్పరా," అంది మెల్లగా. అతను నిజంగా కదిపాడో లేదో నీళ్ళలో కనపడలేదు.

"డాక్టర్ మార్తాండ పోయాడండి," అన్నాడు పెదబాబు. "నేను కాదు, ఆడు. ఐసు తొట్టిలో పడినప్పుడే పోయాడు. బీచి మీద నవ్వింది ముందు రోజు."

"ఓకే అన్నా. అలాగే పెడతా."

"నా పని అయిపోయినట్టేనా?"

"అయిపోయింది అన్నా."

"అయితే మాట వదిలేశానని అనండి."

"ఏం మాట?"

పెదబాబు ఎత్తిపట్టుకున్న ఫోనును దించి ఒకసారి చూశాడు. మళ్ళీ ఎత్తాడు. "జుట్టు మాట. పంటు మీద ఇచ్చాను మీకు."

"అరే. ఇప్పటిదాకా పెంచుతూనే ఉన్నావా అన్నా?"

"అనండి బాబూ. నీళ్ళలో ఉన్నాను."

"వదిలేశాను అన్నా," అన్నాడు యుగంధర్. ఆ గొంతులో ఏముందో ఫోనులో తెలియలేదు. వెంటనే మళ్ళీ ఆ దర్శకుడే మాట్లాడాడు. "కానీ ఒక్కటన్నా. నువ్వు పోతే, సామ్యేలన్న మొదటి రీల్లోనే పోయాడు. పిన్ని శవం. ఇంక హంతకుడు ఎవరు? మిగిలింది మేష్టారొక్కరే. మేష్టారు ఖాళీగా ఉంటారా, ఒక్క రోజు చాలు..."

పెదబాబు మెట్లెక్కి వచ్చి, ఫోను తడవకుండా సూర్యప్రకాశం గారి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. "నేనా? నేను డిటెక్టివ్‌ని కదయ్యా. కేసు తేల్చేవాణ్ణి నేనే చంపితే... ఆగు, ఆగు. చిట్టెమ్మను నేనెందుకు చంపుతాను? ఎక్కడ చంపాను? అప్పుడు గొడుగు నా చేతిలో ఉందా?"

"నన్ను సంపింది మీరాండి మేష్టారూ," అంది చిట్టెమ్మ నిష్ఠూరంగా. "ఆటోలో పక్కనే కూర్చున్నానే."

ఆయన ముఖంలో కంగారు ఉంది. దాని వెనక, సఖినేటిపల్లి రేవులో గొడుగుతో నిలబడ్డప్పుడు లేని వెలుగు ఒకటి కూడా ఉందనిపించింది. ఒక రోజు, ఏ రోజు బాబూ, కోటు నేనే తెచ్చుకోనా అని అడుగుతున్నారు. ఫోను తిరిగిస్తారని నేను చెయ్యి చాపి నిలబడ్డాను. డిటెక్టివే హంతకుడైతే అతను ఇన్నాళ్ళూ వెతికింది ఎవరిని అన్న ప్రశ్న నన్ను కూడా పట్టుకుంది. అది పట్టుకున్నాక పక్కన ఏం జరుగుతోందో తెలియదు నాకు.

పెదబాబుతో ఆ మాట అనడానికి తల తిప్పేసరికి అతను మెట్ల మీద లేడు. కేశఖండన శాల వైపు తడి పంచెతో నడుస్తున్నాడు. తువ్వాలు చుట్టుకోలేదు, భుజాన వేసుకున్నాడు. గాలికి ఆ జుట్టు రెండు పక్కలా లేచి, అటూ ఇటూ మనుషులకు తగులుతోంది. సొంత ఫోను చెవిన పెట్టుకుని, "పడవ తిరగెయ్యరా, నేనొచ్చేలోపు ఇంజను ఇప్పి చూడు," అంటున్నాడు. గుండ్లకు గంధం రాసుకున్న ఒక పెద్ద కుటుంబం శాలలోంచి బయటకొస్తోంది. వాళ్ళను తప్పించుకుంటూ అతను లోపలికి వెళ్ళాడు. వెనక్కి చూడలేదు.